ఆస్పత్రిలో సిస్టర్ చేతిలో అన్నీ చేయించుకున్న మావయ్యగారు ఇంట్లో మమ్మల్ని ముట్టుకోనివ్వడం లేదు. ఆవిడ ఏం చేసేదంటారు?

పాత గుంటూరు కోడలు:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా మావయ్యగారికి 71 ఏళ్ళు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా చేశారు. మానేశాక కూడా సీజన్‌లో షావుకారు కబురు పెడితే వెళ్ళి లెక్కలు చూసొచ్చేవారు. సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు పొద్దున్నే కాఫీ గ్లాసు చేతిలోంచి జారిపోయింది, మాట ముద్దగా వచ్చింది, మూతి ఒక పక్కకి పోయింది. పక్షవాతం. మెదడులో ఎడమ పక్క రక్తనాళం మూసుకుపోయిందని, అందుకే కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ పోయాయని చెప్పారు. కొత్తపేటలో ఒక ఆస్పత్రిలో ముందు ఐసీయూ, తర్వాత వార్డు. ముక్కు గొట్టం తీసేసి, నోటితో మెత్తటి తిండి తినడం మొదలుపెట్టాక ఇంటికి పంపారు.

ఇప్పుడు ఆయన నోట్లోంచి వచ్చేది ఒకటే మాట. "సర్లే". దాహమేసినా సర్లే, ఫ్యాను ఆపమన్నా సర్లే, ఒళ్ళు మండినా సర్లే. ఆ మాట మాత్రం అచ్చం పాత గొంతుతోనే వస్తుంది, వింటే మాట తిరిగొచ్చేసిందేమో అనిపిస్తుంది.

వార్డులో ఒక సిస్టర్ ఉండేది. పేరు రాయను, ఆవిడకి ఇష్టమో కాదో తెలీదు. చీరాల వైపు అమ్మాయి, ముప్పై కూడా ఉండవు. ఆ అమ్మాయి డ్యూటీలో ఉంటే మావయ్యగారికి తిండి, స్పాంజి బాత్, పక్కకి తిప్పడం, సూదులు ఏదీ గొడవ కాదు. ఇంట్లో ఏమో మొదటి చెంచా తీసుకుంటారు, రెండో చెంచాకి పళ్ళు బిగబడతారు, మూడోది నా చీర మీద. చొక్కా మారుద్దామంటే అరుస్తారు. డైపర్ పీకేస్తారు. మా ఆయన పట్నం బజారు కొట్టుకి పొద్దున వెళ్తే రాత్రికొస్తారు. అత్తయ్యగారికి మోకాళ్ళు. ఇంక మిగిలింది నేను. "నిన్ను కన్న కూతురిలా చూసిన మనిషమ్మా" అని అత్తయ్యగారు ఏడుస్తారు. నేనేమన్నా పరాయిదాన్నా? ఆ పిల్ల చేస్తే సరిపోయింది, నేను చేస్తే తప్పయిందా అని నాకూ ఉక్రోషం వస్తుంది.

అందుకని ఆ సిస్టర్ ఏం చేసేదో గుర్తు తెచ్చుకుని రాస్తున్నా. తెలిసినవాళ్ళు చెప్పండి.

గదిలోకి రాగానే మంచం చుట్టూ తిరిగి ఆయన ఎడమ పక్కకే వెళ్ళేది. తలుపు కుడి వైపు దగ్గర, అయినా తిరిగే వెళ్ళేది. చెయ్యి వెయ్యకముందే "గుమస్తా గారూ, నేనొచ్చానండీ" అనేది. ఏం చెయ్యబోతోందో చెప్పేది. "ఇప్పుడు మిమ్మల్ని కిటికీ వైపు తిప్పుతా" అని. చెప్పి ఊరుకునేది కాదు, ఆయన తల ఊపేదాకా ఆగేది. నాకైతే విసుగొచ్చేది, పక్కన ఇంకో పదిమంది పేషెంట్లుంటే ఈవిడేంటి ఇలా నిలబడుతుంది అని. తిప్పినప్పుడల్లా మడమలు, నడుం కింద, చెవి వెనక వేలితో నొక్కి చూసేది.

ఇంకోటి. మా ఆయన్ని అడిగి ఆయన యార్డులో పనిచేశారని తెలుసుకుంది. రోజూ "ఇవాళ తేజ ఎంత పలికింది గుమస్తా గారూ?" అని అడిగేది. తేజ అంటే మిర్చిలో ఒక రకం. ఆయన ఎడమ చేతి వేళ్ళు చూపించేవారు. ఒక్కోసారి కావాలని తప్పు చెప్పేది, "తాలు కాయకి తేజ కంటే ఎక్కువ పెడుతున్నారంటగా?" అని. తాలు కాయంటే రంగు పోయిన నాసిరకం కాయ. ఆయనకి మంట! తల అడ్డంగా ఊపి, చెయ్యి విదిలించి "సర్లే సర్లే" అనేవారు. ఆవిడ నవ్వి కేస్ షీట్లో ఏదో రాసుకుని వెళ్ళిపోయేది. తమాషాకి అడుగుతోందనుకునేవాళ్ళం.

డిశ్చార్జి రోజు అత్తయ్యగారు మంగళగిరి చీర పెట్టబోతే తీసుకోలేదు. "వద్దమ్మా, మా దగ్గర ఒప్పుకోరు" అంది. ఆవిడకి మర్యాదగా కృతజ్ఞత ఎలా చెప్పాలో కూడా చెప్పండి. ముందు మాత్రం తిండి సంగతి.


వన్‌టౌన్ బెజవాడ:

చీరలెందుకండీ, జీతం తీసుకుని చేసే పనేగా. మా అమ్మకి తుంటి ఎముక విరిగి ఇక్కడ ఒక ఆస్పత్రిలో పెట్టాం. బెడ్ పాన్ కోసం బెల్లు కొడితే వచ్చే నాథుడు లేడు. పక్క తడిశాక వచ్చి, "అప్పుడే పోసేసిందా" అని అమ్మని కసిరారు. ఎనభై ఏళ్ళ మనిషిని! మీ సిస్టర్ లాంటివాళ్ళు ఎక్కడో ఒకరుంటారు. మీ అదృష్టం.

తిండి తినకపోతే మళ్ళీ ముక్కు గొట్టం వేయించెయ్యండి, గొడవ వదిలిపోతుంది. డైపర్ పీకకుండా చేతికి గుడ్డ కడతారు, మేం చూశాం.


రిటైర్డ్ హెడ్ నర్సు, గుంటూరు:

పైన రాసిన బాబుకి తర్వాత చెప్తా. ఆ రెండు సలహాలూ మాత్రం పాటించకండి. చేతులు కట్టడం అసలు వద్దు.

అమ్మా, నీకు నా కూతురి వయసు ఉంటుంది కాబట్టి నువ్వు అనే రాస్తున్నా. సర్వీసులో ఎక్కువ కాలం మెడికల్ వార్డుల్లోనే గడిపాను, పక్షవాతం పేషెంట్లు లేని రోజు లేదు. నువ్వు రాసింది చదువుతుంటే ఆ చీరాల అమ్మాయి మీద ముచ్చటేసింది. నువ్వు తమాషా అనుకున్నది తమాషా కాదు.

మీ మావయ్యగారి "సర్లే" ఉంది చూడు, అది ఒప్పుకోలు కాదు. ఎడమ మెదడు దెబ్బతిన్నప్పుడు కొందరికి అన్ని మాటలూ పోయి ఒకటో రెండో మిగులుతాయి. ఏం చెప్పబోయినా అదే తోసుకొస్తుంది. ఒకాయనకి బూతుమాట ఒకటే మిగిలింది, పాపం పూజారిగారు. ఆయన భార్య వార్డులో తల ఎత్తుకోలేకపోయేది. మీ ఇంట్లో ఏం జరుగుతుందంటే, నువ్వు "తింటారా మావయ్యగారూ?" అంటావు, ఆయన "సర్లే" అంటారు, నువ్వు చెంచా పెడతావు. ఆయన వద్దన్నారేమో! నొప్పి అన్నారేమో! ముందు ఒంటేలుకి వెళ్ళాలన్నారేమో! వద్దన్న మనిషికి వరసగా పెడుతుంటే పళ్ళు బిగబట్టక ఏం చేస్తారు?

ఆ అమ్మాయి మాటని పక్కన పెట్టి తలకాయనీ, చేతినీ చూసింది. తల ఊపేదాకా ఆగడం అందుకే. తాలు కాయకి ఎక్కువ రేటని తప్పు చెప్పింది చూశావా, అది పరీక్ష. ఇలాంటి పేషెంట్లలో కొందరికి అవును, కాదు కూడా తారుమారవుతాయి, అన్నిటికీ తల ఊపేస్తారు. ఆయన "కాదు" నిజంగా కాదేనా అని తెలియాలంటే ఆయనకి ఖాయంగా తెలిసిన విషయంలో తప్పు చెప్పి చూడాలి. యార్డు గుమస్తాకి తాలు కాయ రేటు కంటే ఖాయమైనది ఏముంటుంది? పైగా రోజూ అదే ప్రశ్న అడిగితే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలుస్తుంది. నిన్న చటుక్కున చెయ్యి విదిలించిన మనిషి ఇవాళ మత్తుగా చూస్తే డాక్టరుగారికి ఫోన్ వెళ్తుంది. కేస్ షీట్లో రాసుకుంది అదే అయ్యుంటుంది. "మీ పేరేంటి, ఇది ఏ ఊరు" అని అడిగినా ఆ పరీక్షే అవుతుంది గానీ, మాట రాని పెద్దమనిషిని పదిమందిలో అలా అడిగితే చిన్నబుచ్చుకుంటాడు.

కాబట్టి ఇంట్లో అవును, కాదు ప్రశ్నలే అడుగు, ఒకసారికి ఒకటే. "ఇడ్లీ తింటారా, జావ తాగుతారా, ముందు మందు వేసుకుంటారా" అని గుక్కతిప్పుకోకుండా అడిగితే నాకే బుర్ర తిరుగుతుంది. ఇడ్లీ గిన్నె చూపించు, జావ గ్లాసు చూపించు, ఎడమ చేత్తో చూపించమను. అడిగాక ఆగు. చాలాసేపు అనిపించినా ఆగు.

ఎడమ పక్కకే ఎందుకు వెళ్ళేదన్నావు. ఈ జబ్బులో కొందరికి కుడి వైపు చూపు కూడా పోతుంది. కళ్ళు బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి, కుడి పక్క మనిషి వచ్చినా తెలీదు. అటు నుంచి ఎవరో హఠాత్తుగా ఒంటి మీద చెయ్యేస్తే ఉలిక్కిపడి కొడతారు. మీ మావయ్యగారికి ఆ ఇబ్బంది ఉందో లేదో రివ్యూలో అడుగు. ఈలోపు నువ్వూ ఎడమ పక్కనుంచే వెళ్ళు.

ఇక తిండి. ముందు నాకు ఒకటి చెప్పు, ఆయనకి కట్టుడు పళ్ళున్నాయా? ఆస్పత్రిలో తీసేసి ఉంటారు, ఇంటికొచ్చాక నమలడానికి వీలుగా ఉంటుందని మీరు మళ్ళీ పెట్టి ఉంటారు. మూతి వంకరపోయాక పాత సెట్టు సరిగ్గా కూర్చోదు, చిగురు ఒరుసుకుపోతుంది. ఇవాళే టార్చి వేసి నోరంతా చూడు. ముఖ్యంగా కుడి బుగ్గ లోపల. అక్కడ స్పర్శ ఉండదు కాబట్టి తిండి చేరి ఉండిపోతుంది, ఆయనకి తెలీను కూడా తెలీదు. పడుకున్నాక అది గొంతులోకి జారితే ప్రమాదం.

పెట్టేటప్పుడు పడుకోబెట్టి, దిండ్లు ఎత్తుపెట్టి కాదు, కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టు. కుదరకపోతే మంచం మీదే వెన్ను నిటారుగా. నువ్వు ఆయన ముందు కూర్చో, నిలబడి పెట్టకు. నిలబడి పెడితే ఆయన తల పైకెత్తుతారు, తల ఎత్తితే తిండి ఊపిరి గొట్టంలోకి పోవడానికి దారి తెరుచుకుంటుంది. గడ్డం కొంచెం కిందికి వంచాలి. కాఫీ చెంచాతో, అరచెంచా, ఎడమ బుగ్గ వైపు. గొంతు కాయ పైకి లేచి దిగిందా లేదా చూసి అప్పుడు రెండోది. టీవీ కట్టెయ్యండి. ఎవరూ పలకరించొద్దు, ముఖ్యంగా మీ అత్తగారు ఏడవొద్దు, పాపం ఆవిడ తప్పేం లేదు గానీ. తిన్నాక అరగంటైనా కూర్చునే ఉండాలి. రోజుకి రెండుసార్లు పళ్ళు, నాలుక తోమాలి. నోరు శుభ్రంగా లేకపోతే ఊపిరితిత్తులకి నిమ్ము చేరే అవకాశం ఎక్కువ.

మంచినీళ్ళతోనే అసలు చిక్కు. పల్చటివి గొంతులోకి గబుక్కున జారిపోతాయి, మింగే కండరాలు అందుకోలేవు. నీళ్ళు తాగితే దగ్గు వస్తుందా, తాగాక గొంతు గరగరలాడుతుందా గమనించి రాయి. జావ చిక్కదనంలో ఇచ్చేవి చాలామందికి కాస్త తేలిక, కానీ ఎంత చిక్కగా అన్నది మింగడం పరీక్షించినవాళ్ళు చెప్పాలి. డిశ్చార్జి కాగితం మీద రాసే ఉంటుంది, ఒకసారి తీసి చూడు. తినడం బాగా తగ్గిపోతే గొట్టం కావాలేమో, కాదనను. అది డాక్టరుగారు మింగడం చూసి చెప్పాలి, గొడవ వదిలించుకోవడానికి వేసేది కాదు.

చొక్కాకి ఎందుకు అరుస్తున్నారో నాకు అర్థమైంది. మంచి చెయ్యి ముందు తొడిగి, తర్వాత పడిపోయిన చేతిని పట్టి లాగుతున్నారు కదూ? కండరాల పట్టు లేని భుజం, లాగితే కీలు జారుతుంది, ప్రాణం పోయే నొప్పి. తొడిగేటప్పుడు కుడి చెయ్యి ముందు, విప్పేటప్పుడు కుడి చెయ్యి ఆఖరు. లేపేటప్పుడు చంకల కింద చేతులు వేసి ఎత్తొద్దు. కూర్చున్నంతసేపూ ఆ చేతి కింద దిండు ఉండాలి. ముందు వైపు తెరుచుకునే బనీన్లు నాలుగు కుట్టించు, తల మీంచి వేసేవి పక్కన పెట్టు.

డైపర్ సంగతి కొంచెం ఇబ్బందైన మాట. అమ్మా, ఆ సిస్టర్ తెల్లకోటు వేసుకున్న పరాయి మనిషి. ఆవిడ ముందు బట్ట తొలగితే జబ్బు మనిషి సర్దుకుంటాడు. నువ్వు కోడలివి. నిన్నటిదాకా నువ్వు ఎదురొస్తే పంచె సర్దుకున్న మనిషి. మాట పోయింది గానీ సిగ్గు పోలేదు. నువ్వు తిండి పెట్టు, కబుర్లు చెప్పు, కింది బట్టల పని నువ్వు ముట్టుకోకు. పొద్దున, రాత్రి మీ ఆయన చెయ్యాలి. మధ్యాహ్నానికి మగ అటెండర్‌ని పెట్టుకోండి, కనీసం కొన్నాళ్ళు. అసలు డైపర్ అన్ని వేళలా ఎందుకు? యూరిన్ క్యాన్ కొనండి, ప్రతి రెండు గంటలకీ, తిండికి ముందు, నిద్రకి ముందు ఇచ్చి చూడండి. పీకేస్తున్నారంటే వస్తోందని ఆయనకి తెలుస్తోందన్నమాట. అది మంచి గుర్తు. మీరు దాన్ని గొడవ అనుకుంటున్నారు.

రెండు గంటలకోసారి పక్క మార్చడం ఆపొద్దు. ఎర్రబడిన చోట నూనె రాసి రుద్దుతారు చాలామంది, అది తప్పు, లోపల కండ ఇంకా చితుకుతుంది. వేలితో నొక్కి తీస్తే తెల్లబడి మళ్ళీ ఎర్రబడాలి. నొక్కినా ఎరుపు అలాగే ఉందంటే పుండు మొదలైనట్టే. ఆ అమ్మాయి నొక్కి చూసింది అదే. మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద దిండు పెట్టు. జరిపేటప్పుడు ఈడ్చకండి, నడుం కింద మడతపెట్టిన పాత పంచె వేసి ఇద్దరూ చెరో పక్క పట్టి ఎత్తండి.

ఇంకోటి సరదాగా చేసి చూడు. మాట రానివాళ్ళలో కొందరికి అంకెలు, వారాల పేర్లు, చిన్నప్పటి పాటలు, పద్యాలు మాత్రం ధారగా వస్తాయి. ఆయనతో కలిసి లెక్కపెట్టు. ఆపి, తర్వాతది ఆయన్ని అననివ్వు. స్పీచ్ థెరపీ గురించి కూడా రివ్యూలో గట్టిగా అడగండి, ఫిజియోథెరపీతో సరిపెట్టుకోకండి.

వన్‌టౌన్ బాబూ, మీ అమ్మగారిని కసిరినవాళ్ళని నేను వెనకేసుకురాను. మా పెద్దమ్మ కుగ్లర్ ఆస్పత్రిలో నర్సు. అన్నా కుగ్లర్ అని అమెరికా డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చి, 1898లో ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆస్పత్రి కట్టించింది కదా, అదే. పక్క తడిపిన పేషెంటుని ఒక్క మాట అన్న ట్రైనీని ఆ పూటంతా అదే మంచం పక్కన కూర్చోబెట్టేవాళ్ళని పెద్దమ్మ చెప్పేది. నేనూ నా కింద పనిచేసిన ట్రైనీ పిల్లలకి అదే శిక్ష వేశాను. రెండు రోజులు తిట్టుకునేవాళ్ళు.


స్టాఫ్ నర్సు, సూర్యారావుపేట:

మేడమ్ గారు రాసింది మొత్తం స్క్రీన్‌షాట్ తీసి మా జూనియర్ల గ్రూపులో పెట్టాను. థ్యాంక్యూ మేడమ్.

వన్‌టౌన్ గారూ, అమ్మగారికి జరిగింది తప్పే. కానీ బెల్లుకి ఎందుకు రాలేదో కూడా వినండి. నైట్‌లో వార్డంతా ఇద్దరం. ఒకరు కొత్త అడ్మిషన్‌తో ఉంటే, రెండోవాళ్ళు పది గంటల ఇంజెక్షన్లు, మధ్యలో ఒక పేషెంటుకి షుగర్ పడిపోతుంది. అటువైపు బెల్లు మోగుతూనే ఉంటుంది. జీతం తీసుకుంటాం నిజమే, చాలా ప్రైవేటు ఆస్పత్రుల్లో అది ఎంతో తెలిస్తే మీరే జాలిపడతారు. నాతో చదివినవాళ్ళలో సగం మంది జర్మనీ వెళ్ళిపోదామని జర్మన్ నేర్చుకుంటున్నారు. మే 12న నైటింగేల్ పుట్టినరోజని కేకు కోసి మాతో ఫొటోలు దిగుతారు, 13న మళ్ళీ సింగిల్ స్టాఫ్.

పాత గుంటూరు అక్కా, చీర వద్దు, డబ్బు అసలే వద్దు. తీసుకుందని ఎవరైనా అంటే ఆ అమ్మాయి ఉద్యోగానికే ఇబ్బంది. ఉత్తరం రాయండి. నర్సింగ్ సూపరింటెండెంట్ పేరు మీద, ఒక కాపీ ఎండీ గారికి. మావయ్యగారి పేరు, ఐపీ నంబరు (అడ్మిషన్ నంబరు), వార్డు, తేదీలు, సిస్టర్ పూర్తి పేరు. "బాగా చూసుకున్నారు" అని ఊరికే రాయకండి, అలాంటివి ఎవరూ పట్టించుకోరు. మీరు ఇక్కడ రాసినట్టే రాయండి. తల ఊపేదాకా ఆగింది, మడమలు నొక్కి చూసింది, పుండ్లు పడకుండా ఇంటికి పంపింది. ఇంక్రిమెంట్ టైములో ఫైల్లో ఉండే కాగితం అది. అది పక్షవాతం పేషెంటు కుటుంబం రాసిందంటే ఇంకా విలువ. గూగుల్ రివ్యూలో ఆస్పత్రికి ఐదు స్టార్లు ఇస్తే మాకేం రాదు.

ఇంకో మాట. ఆయన్ని రివ్యూకి తీసుకెళ్ళినప్పుడు ఒకసారి వార్డుకి తీసుకెళ్ళి చూపించండి. మేం పంపించిన మనుషులు తర్వాత ఏమయ్యారో మాకెప్పుడూ తెలీదు.


తెనాలి కుర్రాడు:

మా నాన్నకీ ఇదే, రెండేళ్ళయింది. ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నారు. పైన మేడమ్ చెప్పినవాటికి తోడు ఒకటే. గడ్డం. నాన్న ఎవరినీ దగ్గరికి రానిచ్చేవారు కాదు, మా వీధి మంగలిని ఇంటికి పిలిపించాను. ముప్పై ఏళ్ళుగా ఆయన దగ్గరే చేయించుకుంటున్నారు. అద్దం పెట్టి, మెడకి గుడ్డ చుట్టి, ఎప్పటిలా ఊళ్ళో రాజకీయాలు మాట్లాడుతూ చేశాడు. ఆ రోజు నాన్న అన్నం కూడా తిన్నారు. మొదటి నెలల్లో ఊరికూరికే ఏడ్చేవారు, అది కూడా జబ్బులో భాగమని, డిప్రెషన్ ఉంటే మందులున్నాయని మా డాక్టరు చెప్పారు. మీరూ అడగండి.


వన్‌టౌన్ బెజవాడ:

చేతులు కట్టమన్నది వెనక్కి తీసుకుంటున్నా. మిగతాది మాత్రం తీసుకోను. సింగిల్ స్టాఫ్ అయితే యాజమాన్యాన్ని అడగాలి, మా అమ్మనెందుకు కసరాలి?


స్టాఫ్ నర్సు, సూర్యారావుపేట:

అది కరెక్టే అండీ. దానికి నా దగ్గర సమాధానం లేదు.


పాత గుంటూరు కోడలు:

మేడమ్ గారూ, మీకు ఏ జన్మలో రుణపడ్డానో. కట్టుడు పళ్ళు ఉన్నాయి! పై సెట్టు. మీరన్నట్టే ఇంటికొచ్చిన మర్నాడే పెట్టాం. రాత్రి మా ఆయన టార్చి పట్టుకుంటే నేను చూశాను. చిగురు మీద రూపాయి బిళ్ళంత ఒరుపు, కుడి బుగ్గలో పొద్దుటి ఇడ్లీ. సెట్టు తీసేశాం, పళ్ళ డాక్టరు జెల్ రాసిచ్చారు. ఇవాళ జావ అరగ్లాసు పైనే తాగారు, గుడ్డు మెత్తగా చిదిమి పెడితే అదీ తిన్నారు. చీర మీద ఏం పడలేదు.

"సర్లే" గురించి అందరికీ చెప్పాను. అత్తయ్యగారు నమ్మలేదు. "మీ పేరు రంగారావా?" అని వేరే పేరు పెట్టి అడిగి చూశారు. ఆయన అత్తయ్యగారిని చూసిన చూపుకి మేమందరం నవ్వాం. ఆయనా నవ్వారు, ఒక పక్కకే అనుకోండి. తల మాత్రం అడ్డంగానే ఊపారు.

లెక్క కూడా పెట్టించాం. మా పాప "ఒకటి" అని మొదలుపెడితే ఆయన చెయ్యడ్డం పెట్టి ఆపారు. తర్వాత ఆయనే "లాభం" అన్నారు. రెండు, మూడు, నాలుగు, అలా తొమ్మిది దాకా వచ్చాయి. యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లెక్కపెట్టేటప్పుడు కూడా ఆయన ఒకటి అనేవారు కాదట, మా ఆయన చెప్పారు. తర్వాత మళ్ళీ సర్లే.

మగ అటెండర్ ఒకతను రేపటినుంచి వస్తానన్నాడు. ఉత్తరం మా పాపతో తెలుగులో నీటుగా రాయిస్తున్నా, ఐపీ నంబరు దొరికింది.

ఒక్క అనుమానం. నీళ్ళకి దగ్గు వస్తోంది, మీరు అడిగారుగా. డిశ్చార్జి కాగితంలో పల్చటి ద్రవాలు వద్దని ఇంగ్లీషులో ఉంది, ఇప్పుడే చూశాం. నిన్న రాత్రినుంచి దగ్గు కొంచెం ఎక్కువగా ఉంది, ఒళ్ళు కూడా వెచ్చగా అనిపిస్తోంది. రివ్యూ వచ్చే వారం. అప్పటిదాకా ఆగొచ్చా?


రిటైర్డ్ హెడ్ నర్సు, గుంటూరు:

ఆగొద్దు. ఇప్పుడే థర్మామీటరు పెట్టి చూడు, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీసుకుంటున్నారో లెక్కపెట్టు, ఆక్సీమీటరు ఉంటే ఎడమ చేతి వేలికి పెట్టు. ఈ మూడూ కాగితం మీద రాసుకుని ఆస్పత్రికి ఫోన్ చెయ్యి. కానీ అంకెలు బాగున్నాయని ఇంట్లో ఉండిపోవద్దు. పక్షవాతం మనిషికి మింగడం సరిగ్గా లేనప్పుడు దగ్గు, వెచ్చదనం కలిసి వచ్చాయంటే ఊపిరితిత్తుల్లోకి ఏమైనా పోయిందేమో అని చూడాల్సిందే. ఎక్స్‌రే తీస్తారు. తొందరగా పట్టుకుంటే మందులతో తగ్గుతుంది. ఈ పూటే తీసుకెళ్ళండి. ఊపిరి ఆయాసంగా ఉన్నా, మత్తుగా పడుకుని పిలిస్తే సరిగ్గా చూడకపోయినా, ఫోన్లూ లెక్కలూ పెట్టుకోకుండా 108కి చెయ్యి.

అక్కడికి వెళ్ళేదాకా నోటితో ఏమీ పెట్టకండి, మందులు కూడా. వెన్ను ఎత్తిపెట్టి ఉంచు. డిశ్చార్జి కాగితం, మందుల చీటీ సంచిలో వేసుకో. ఎన్ని గంటలకి ఏం తాగారో, దగ్గు ఎప్పుడు మొదలైందో క్యాజువాలిటీలో చెప్పాలి. అవును, కాదు తల ఊపుతారని, "సర్లే" అంటే ఒప్పుకున్నట్టు కాదని కూడా ముందే చెప్పు. వాళ్ళకి తెలీదు కదా. వెళ్ళొచ్చాక రాయి.